అడుగు పడ్డాకే అరిసెలు

మా వాడికి పద్నాలుగు నెలలు నిండినా నడక రాలేదు. అప్పట్లో ప్రతి ఆదివారం పొద్దున్నే తెనాలి పక్కనున్న మా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసేది. బాగున్నారా అని కూడా అడక్కుండా మొదట అడిగే మాట ఒకటే.

"బియ్యం నానబొయ్యనా?"

అరిసెలకి బియ్యం. మా వైపు పిల్లలు ఎదిగే ప్రతి మెట్టుకీ ఒక పిండివంట ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పలుకులకి చిలకలు, అడుగులకి అరిసెలు. ఏ ముసలమ్మ కట్టిందో గాని, బిడ్డ పేరు చెప్పి తాను తినడానికే కట్టినట్టుంటుంది. బిడ్డ తప్పటడుగులు వేశాక అరిసెలు వండి, నేల మీద పరిచి, వాటి మీదుగా నడిపించి, ఇరుగుపొరుగుకి పంచుతారు.

"ఇంకా లేదమ్మా" అని ఫోన్ పెట్టేసేదాన్ని. చిరాకు అమ్మ మీద అనుకునేదాన్ని. కాదు, నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు ఉండేది. అందులో 'నడక' అన్న గడి పన్నెండో నెల కింద ఉంది. గడువు దాటితే గడి దానంతటదే ఎర్రబడేలా ఫార్ములా పెట్టింది నేనే. రెండు నెలలుగా అది ఎర్రగా మెరుస్తోంది.

ఆ షీటు పుట్టింది 2011లో, మా పాపతో పాటు. అప్పుడు ప్రసూతి సెలవు 12 వారాలే. (2017లో చట్టం సవరించి 26 వారాలు చేశారు, నా రెండు పురుళ్ళూ అయిపోయాక!) నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మార్చి నెలాఖరుకి పది రూపాయల తేడా వచ్చినా నిద్ర పట్టని రకం. పన్నెండు వారాల్లో ఒక పసిదాన్ని ఆఫీసు టైముకి అలవాటు చెయ్యాలంటే ప్లాను ఉండాలి కదా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నాలుగు గంటలకోసారి పాలు. మధ్యలో ఏడిస్తే ఏడవనివ్వాలి. రాత్రి ఏడింటికల్లా దీపం ఆర్పి బిడ్డ గది తలుపు వేసెయ్యాలి. నిజాంపేటలో మా రెండు గదుల ఫ్లాటులో బిడ్డ గది ఎక్కడిది? అదొక్కటి వదిలేసి మిగతాదంతా షీటులోకి ఎక్కించాను. పాలు, నిద్ర, స్నానం, బోర్లా పడటం, పళ్ళు, మాటలు, అక్షరాలు, ఈత, సంగీతం. పద్దెనిమిదో ఏడు దాకా వరసలు గీశాను. చివరి గడిలో మా ఆయన సరదాకి 'ఐఐటీ' అని కొట్టాడు. సరదాకే. నేను చెరపలేదు.

పాప ఆ షీటు చదివి పుట్టినట్టే పెరిగింది. నాలుగు గంటలంటే నాలుగు గంటలే. రాత్రి తొమ్మిదికి కళ్ళు మూసేది. పదకొండో నెల చివర గోడ పట్టుకుని నిలబడి, పన్నెండో నెల రెండో వారంలో నడిచేసింది. ఇదంతా నా ప్రతిభ అనుకున్నాను. ఆఫీసులో కొత్తగా తల్లులైన ముగ్గురికి ఆ ఫైలు మెయిల్ చేశాను కూడా. వాళ్ళు నన్ను తలుచుకుని ఏమనుకుని ఉంటారో ఇప్పుడు ఊహించుకోగలను.

2015లో బాబు పుట్టాడు. అదే ఫైలు తెరిచి, 'సేవ్ యాజ్' కొట్టి, పేరు మార్చాను.

మూడో రోజుకే తెలిసిపోయింది. వాడు గంటన్నరకి లేచేవాడు, లేదా నలభై నిమిషాలకి, లేదా అయిదు గంటలు కదలకుండా పడుకుని నన్ను హడలగొట్టేవాడు. నేను గడియారం చూస్తూ, రొమ్ములోంచి పాలు కారిపోతున్నా, ఇంకా నలభై నిమిషాలుంది అని వాడిని భుజం మీద వేసుకుని హాల్లో తిరిగేదాన్ని. పురిటికి వచ్చిన అమ్మ నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు అంది, "మనింట్లో గేదె చేపాలంటే ముందు దూడని వదలాలి. దూడ ఏనాడన్నా గడియారం చూసి కుడిచిందటే?"

అమ్మకి తెలియకపోయినా ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఈ నాలుగు గంటల పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చినవాళ్ళలో ఒకడు ట్రూబీ కింగ్ అనే న్యూజిలాండ్ డాక్టరు. ఆయన పెద్ద డాక్టరుగా ఉన్న మానసిక చికిత్సాలయానికి పొలం ఉండేది. అక్కడ దూడల మేత, పాలు సరిచేసి వాటిని బతికించిన అనుభవం ఆయనది. తర్వాత 1907లో తల్లీబిడ్డల కోసం ఒక సంఘం పెట్టించి, వేళ తప్పకుండా పాలు, రాత్రి పూట అసలు వద్దు, ఎక్కువగా ఎత్తుకోవద్దు అని ఒక తరం తల్లులకి నేర్పాడు. శుభ్రత గురించి, తల్లిపాల గురించి ఆయన చెప్పిన దాంట్లో మంచి చాలా ఉంది, కాదనను. వేళల సంగతే బెడిసికొట్టింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది బిడ్డ అడిగినప్పుడల్లా, పగలైనా రాత్రైనా పాలివ్వమని. బిడ్డ కుడిచేకొద్దీ పాలు పడతాయి. పాడి ఉన్న ఇంట్లో పుట్టిన నాకు ఈ ముక్క ఆబిడ్స్ పుస్తకం కంటే ముందే తెలిసి ఉండాలి.

ఇద్దరినీ కన్నది నేనే. ఇల్లు అదే, పాలు అవే, తల్లి మొండితనం కూడా అదే. మరి ఇంత తేడా ఎందుకు? దీని మీద నేను చదివిన వాటిలో నాకు బాగా ఆనింది న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్టు దంపతులు 1956లో మొదలుపెట్టిన పరిశీలన. 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. ఆకలి, నిద్ర వేళకి వస్తాయా లేదా, కొత్త మనిషిని చూస్తే దగ్గరికి వస్తారా వెనక్కి పోతారా, మార్పుకి ఎంత త్వరగా అలవాటు పడతారు, ఇలా తొమ్మిది గుణాలు చూశారు. నలభై శాతం తేలిగ్గా ఇమిడిపోయే పిల్లలు. పది శాతం కష్టపెట్టేవాళ్ళు. పదిహేను శాతం మెల్లగా కుదురుకునేవాళ్ళు. మిగిలిన 35 శాతం ఏ గంపలోనూ పడలేదు. నాకు ఆ 35 అంటేనే ఇష్టం. అంత శ్రద్ధగా చూసినవాళ్ళు కూడా మూడోవంతు పిల్లల్ని 'ఇదీ' అని చెప్పలేకపోయారు.

వాళ్ళు తేల్చింది బిడ్డ మంచిదా చెడ్డదా అని కాదు. ఆ బిడ్డ స్వభావానికీ, ఆ ఇంటి పద్ధతికీ పొత్తు కుదిరిందా లేదా అని. అదే నగరంలో ప్యూర్టోరికో నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలనూ వాళ్ళు చూశారు. అక్కడ వేళాపాళా లేకుండా నిద్రపోయే పిల్లలున్నారు గాని అది ఆ ఇళ్ళలో సమస్యే కాలేదు. పిల్లలు పడుకున్నప్పుడే పడుకోనిచ్చారు. బడి మొదలయ్యాక, పొద్దున్నే లేపాల్సి వచ్చినప్పుడు సమస్య అయింది. ఈ రెండో సగం కూడా చెప్పకపోతే నేను నాకు కావలసినంతే చెప్పినట్టు. పట్టువిడుపుల పెంపకానికి బిల్లు తర్వాతైనా వస్తుంది. మాకూ వచ్చింది. మా వాడిని ఎల్‌కేజీకి లేపిన మొదటి మూడు నెలలు మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని అడగండి, చెబుతాడు.

నడక దగ్గరికి వస్తాను. వాడు అసలు దోగాడలేదు. కూర్చుని, ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ దేకేవాడు. టైల్స్ మీద ఆ వేగం చూసి తీరాలి. మా అత్తయ్య "బండి వస్తోందమ్మా, అడ్డు తీయండి" అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు. దోగాడటం, ఆ తర్వాత నిలబడటం, ఆ తర్వాత నడవటం. షీటులో వరస అది. వాడు ఒక మెట్టు ఎగ్గొట్టాడు.

చివరికి పిల్లల డాక్టరు ఒక గ్రాఫు తీసి చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించింది. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో 816 మంది పిల్లలు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పట్టు లేకుండా నడిచే కాలం 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా. అంటే తొమ్మిది నెలలకి పైగా తేడా, ఇంకో బిడ్డ కడుపులో పడి పుట్టేంత కాలం! నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్ళ మీద దోగాడనే లేదు, నేరుగా తర్వాతి మెట్టుకి పోయారు. నా షీటులోని పన్నెండో నెల వట్టి సగటు. అకౌంట్స్ చూసేదాన్ని, ఆఫీసు సగటు జీతం ఆఫీసులో ఒక్కరికి కూడా రాదని నాకు తెలియదా? నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయిందో.

పదహారో నెలలో ఒక బుధవారం, పనిచేసే ఆమె చేతిలోని తడిగుడ్డ కర్ర కావాలని లేచి, నాలుగడుగులు వేసి దాన్ని పట్టుకున్నాడు. అమ్మకి ఫోన్ చేశాను. "నే చెప్పలా" అనలేదు. "బెల్లం తెచ్చి పెట్టుకున్నాను, నువ్వులు బాగుచేసి డబ్బాలో పోశాను, శనివారం వస్తున్నా" అంది.

మా ఇంట్లోనే వండింది. తడిబియ్యం పట్టే మర కోసం కూకట్‌పల్లి అంతా తిరిగితే సగం పూట పట్టింది. పొడిబియ్యమైతే ఎవరైనా పడతారు, తడిపిండి అంటే మర పాడవుతుందని దణ్ణం పెట్టేస్తారు. పాకం దగ్గర నేను నా పద్ధతిలో అడిగాను, "ఎన్ని నిమిషాలకి వస్తుందమ్మా?" అమ్మ నన్ను వింతగా చూసింది. "బెల్లాన్ని బట్టి" అంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో చుక్క వేసి, వేలితో ఉండ కడుతోందా లేదా చూసింది. కట్టలేదు. మళ్ళీ చూసింది. మూడోసారికి కట్టింది. ఆ పావుగంటా అమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు, పక్కన పిండి పళ్ళెం సిద్ధం. పాకం ఒక్క నిమిషం ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది.

నేను వాదించేది ఇదే, ఇంతకంటే కొత్తది ఏమీ లేదు. తేదీ వెయ్యడం వేరు, సిద్ధంగా ఉండటం వేరు. నేను షీటు గీసి, గడి ఎర్రబడినప్పుడు మాత్రమే బిడ్డ వైపు చూసేదాన్ని. అమ్మ తేదీ వెయ్యలేదు. బెల్లం తెచ్చిపెట్టుకుంది. ప్రతి ఆదివారం అడిగింది. ఇద్దరిలో ఎవరికి ప్రణాళిక ఉన్నట్టు?

పాతకాలమంతా బంగారమని చెప్పబోవడం లేదు. అరిసెల సామెత కట్టిన ఊళ్ళోనే 'మొక్కై వంగనిది మానై వంగునా' కూడా కట్టారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని తొడపాశాలు, ఎన్ని గోడకుర్చీలు! మా తాత చదివిన వీధిబడిలో కోదండం వేసేవారట, తాడుకి వేలాడదీసి. మొక్కని ఎటు వంచాలో పెద్దవాళ్ళకి ముందే తెలుసన్న ధీమా ఆ సామెతది. ఎండ ఏ పక్క నుంచి వస్తుందో అటు మొక్క తనంతట తానే వంగుతుందని చెట్టు పెంచిన వాళ్ళెవరినడిగినా చెబుతారు.

ఇక్కడ మా ఆయన అడ్డం పడతాడు. "నీది ఏ ఎండకా గొడుగు పట్టే వాటం" అంటాడు. ఒకప్పుడు ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రాజకీయ నాయకుణ్ణి అంటే అది తిట్టు. కాని బిడ్డని చంకనేసుకుని నడిచే మనిషి ఎండ మారినా గొడుగు మార్చకపోతే మాడేది చంకలో బిడ్డే.

అయినా ఆయన మాటలో పస లేకపోలేదు. మా చుట్టాల్లో ఒక పిల్లవాడు మూడేళ్ళు వచ్చినా మాట్లాడలేదు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే", "వాళ్ళ నాన్నకీ ఇంతే", "వస్తాయిలే, తొందరేముంది". పలుకులకి చిలకలు వండటానికి ఆ ఇంట్లోనూ సిద్ధంగానే ఉన్నారు. కాని ఎవరూ పాకం నీళ్ళలో వేసి చూడలేదు. వెనక నుంచి పిలిస్తే వాడు తిరగడం లేదని గమనించింది ఇంటికి వచ్చిన గాజులమ్మాయి. రెండు చెవులా వినికిడి లేదు. ఏడాది నిండే లోపు చూపించి ఉంటే చాలా తేడా ఉండేదని డాక్టరు అన్నప్పుడు ఆ తల్లి ముఖం నేను చూశాను. అందుకే 'పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే వాళ్ళే పెరుగుతారు' అనే వాళ్ళ జట్టులో నన్ను కలపకండి. డాక్టరు చూపించిన గ్రాఫుకి ఒక కుడి అంచు ఉంది. 17.6 అంటే అంత విశాలమైన దారికీ గట్టు ఉందని. పద్దెనిమిదో నెలకి కూడా మా వాడు నడవకపోతే డాక్టరు పరీక్షలు రాసేవారు, నేను చేయించేదాన్ని.

తేదీలు పట్టి తీరాల్సినవి ఉన్నాయి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలు. తొమ్మిది నెలలు నిండాక తట్టుది. వీటిలో బిడ్డ స్వభావం అడిగే పని లేదు. అలాగే బైకు మీద కూర్చుంటే హెల్మెట్ పెట్టాలి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. ఏడ్చినా సరే. ఇవి కాకుండా నేను బిగించి పట్టుకున్నవి నిజంగా రెండో మూడో ఉంటాయి. కొట్టకపోవడం అందులో ఒకటి, అదీ మొదటి నుంచి కాదు.

పనికి పోయే తల్లులకి ఒక మాట. వేళలు వద్దనడం లేదు. తొమ్మిదిన్నరకి కార్డు గీకాల్సిన మనిషికి వేళ లేని ఇల్లు నరకం. మా ఇంట్లో ఇప్పటికీ ఎనిమిదింటికి అన్నం, పదింటికి పడక. అయితే ఆ వేళలు నా ఉద్యోగం కోసం పెట్టుకున్నవి, నా సౌకర్యం కోసం. అది పిల్లల మంచి కోసమని వాళ్ళకి చెప్పి, పాటించకపోతే వాళ్ళలో లోపం వెతకడం మానేశాను. "నాకు పొద్దున ఆఫీసుంది, పడుకో" అంటే మా వాడు ఒక్కోసారి పడుకుంటాడు. "పిల్లలు పదింటికి పడుకోవాలి" అంటే ఎప్పుడూ పడుకోడు.

ఈ పద్ధతిలో నాకు జవాబు దొరకని చిక్కు ఒకటుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరికి తగ్గట్టు వాళ్ళని పెంచితే, పెద్దది కూర్చుని లెక్క అడుగుతుంది. "నేను తొమ్మిదికి పడుకున్నాను, వాడెందుకు పదిన్నర? నేను కాకరకాయ తిన్నాను కదా, వాడికెందుకు ఆమ్లెట్టు? నా మ్యూజిక్ క్లాసు మాననివ్వలేదు, వాడు కరాటే మూడు రోజులకే మానేస్తే ఏమీ అనలేదు." అకౌంటెంటు కూతురు. ఒక్క ఎంట్రీ మర్చిపోలేదు. నేను చెప్పే సమాధానం, "నీకు నీ కాళ్ళకి సరిపడే చెప్పులు కొన్నాను, వాడికి వాడి సైజు" అని. అది విని, "నాకు చెప్పులు కొన్నప్పుడు నీకు సైజులుంటాయనే తెలియదు కదమ్మా" అంది. నిజమే. మొదటి బిడ్డ మీద నేర్చుకుంటాం, రెండో బిడ్డకి వడ్డిస్తాం. పాప సుఖంగా ఇమిడిపోయింది అనుకున్న రోజుల్లో ఎన్ని చోట్ల బిగుతుగా ఉన్నా నోరు మూసుకుందో ఇప్పుడిప్పుడే బయటికి వస్తోంది.

ఇంకో సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆమె, తడిగుడ్డ కర్ర ఆమే, కూతురి విషయంలో నాకంటే గట్టి ప్లాను మనిషి. నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచే గురుకులం ప్రవేశ పరీక్ష తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకుంది. అయిదో తరగతిలో సీటు వస్తే తిండి, బట్ట, చదువు ఇంటర్ దాకా చూసుకున్నట్టే. రాకపోతే మళ్ళీ అలాంటి తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియదు. ఆమె దగ్గర కూర్చుని 'పిల్లని బట్టి పోవాలి' అని నేను చెబితే, ఎంత చక్కగా ఉంటుంది! ఒక ఏడాది వృథా అయినా తట్టుకునే ఇల్లు మాది. పట్టు సడలించడానికి వెనక కాస్త జమ ఉండాలి. ఆమె కూతురికి సీటు వచ్చింది. నేను మా పాప పాత బ్యాగు ఇవ్వబోతే, "కొత్తది కొన్నానమ్మా" అంది.

నా కోపమంతా జమ ఉండి కూడా పిల్లల్ని పట్టాలెక్కించే మా లాంటి వాళ్ళ మీదే.

అన్నప్రాసన రోజు పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బు, కత్తి పెట్టి బిడ్డని వదులుతాం కదా. మా వాడి అన్నప్రాసనకి మా బావగారు ఒక స్టెతస్కోపు కూడా పెట్టారు. అత్తయ్య ఎవరూ చూడకుండా పుస్తకాన్ని జానెడు ముందుకి జరిపింది. కుర్చీలో కూర్చోబెట్టినా నిలవని వాడు బోర్లా పడి, అన్నిటినీ దాటి, తాంబూలం పళ్ళెంలోని అరటిపండు పట్టుకున్నాడు. అందరం నవ్వుకున్నాం. అది ఆట అని అందరికీ తెలుసు కాబట్టి నవ్వుకున్నాం. పదకొండేళ్ళ తర్వాత అదే ఆట నిజంగా ఆడతాం. అప్పుడు పుస్తకం ఒక్కటే పెడతాం, దాని మీద 'ఐఐటీ ఫౌండేషన్' అని ఉంటుంది.

అమెరికాలో జాన్ వాట్సన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆరోగ్యంగా ఉన్న డజను మంది పసివాళ్ళని ఇచ్చి, నేను చెప్పిన పరిసరాల్లో పెంచనిస్తే, ఎవరిని కావాలంటే వాళ్ళని డాక్టరునో లాయరునో, బిచ్చగాణ్ణో దొంగనో చేసి చూపిస్తానన్నాడు. పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దు, పొద్దున లేవగానే కరచాలనం చెయ్యమని కూడా 1928లో తల్లులకి సలహా ఇచ్చాడు. ఆ డజను పిల్లల మాట చెప్పిన చోటే, నా దగ్గరున్న ఆధారాలకి మించి మాట్లాడుతున్నానని ఒప్పుకున్నాడాయన. మన ఊళ్ళలో ఫ్లైఓవర్ స్తంభాల నిండా ర్యాంకుల ఫొటోలు అతికించే వాళ్ళు ఆ మాత్రం కూడా ఒప్పుకోరు.

పదహారేళ్ళు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. చదివి సంతోషించాను. తర్వాత గుర్తొచ్చింది, మన దగ్గర కోచింగ్ సెంటరు అని వేరే ఎక్కడుంది? బడే కోచింగు. ఆరో తరగతి సెక్షన్ పేరులోనే దాచేస్తారు. మా పాప ఆరో తరగతికి వచ్చినప్పుడు మేమూ చేర్పించాం. నిజం దాచను. మా ఆయన ఒకప్పుడు సరదాకి కొట్టిన ఆ గడి ఎక్కడికీ పోలేదు. ఏడాదిన్నర వెళ్ళింది. మార్కులు బాగానే వచ్చాయి, అదే చిక్కు. మార్కులు పోయి ఉంటే మేము వెంటనే చూసేవాళ్ళం. పిల్ల బొమ్మలు వెయ్యడం మానేసిన సంగతి ఎవరమూ చూడలేదు. నోటు పుస్తకం వెనక పేజీల్లో ఎప్పుడూ ఏవో కళ్ళు, జడలు, పిల్లులు గీసేది. ఒకరోజు పాత పేపర్లకి వేద్దామని పుస్తకాలు తీస్తుంటే వెనక పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. అంతే, వేరే సాక్ష్యం ఏమీ లేదు. దాన్ని చూసి మాన్పించాం. తొందరపడ్డామని మా బావగారు ఇప్పటికీ అంటారు. కావచ్చు. ఆ తెల్ల పేజీలకి వేరే కారణం ఉండి ఉండవచ్చు, పిల్లకి ఆ వయసులో బొమ్మలంటే విసుగొచ్చి ఉండవచ్చు. నీళ్ళలో చుక్క వేసి చూశాను, ఉండ కట్టలేదనిపించింది.

నేను గెలిచిన తల్లిలా రాస్తున్నానేమో, కాస్త దించుకుంటాను. 2020లో బళ్ళు మూసేసినప్పుడు మా వాడికి అయిదేళ్ళు. నా పట్టువిడుపు సిద్ధాంతానికి అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? ఘోరంగా పోయింది. జూమ్‌లో నా ఆడిట్, వాడి చేతిలో నా పాత ఫోను. 'వాడికి ఇష్టమైనట్టు' అని నేను పెట్టిన పేరు వెనక ఉన్నది నా అలసట. వాడిని ఆ ఫోను నుంచి విడదీయడానికి రెండేళ్ళు పట్టింది. అప్పుడు షీటు కావాల్సి వచ్చింది మళ్ళీ, రోజుకి ఇన్ని నిమిషాలని. ఆ షీటు వాడే గీశాడు, స్కెచ్ పెన్నుతో, ఫ్రిజ్ తలుపు మీద. గడులు వంకరగా ఉన్నాయి. ఒక ఆదివారం గడి మిగతావాటికి రెండింతలు ఉంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు పాప పదో తరగతి. ఒక జూనియర్ కాలేజీ పీఆర్‌ఓ మూడు నెలలుగా ఫోన్ చేస్తున్నాడు. చాలా మర్యాదస్తుడు. ముందే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో రాయితీ. "పాపకి ఎంపీసీయా, బైపీసీయా మేడమ్?"

మొన్న గురువారం చేసినప్పుడు పాప పక్కనే ఉంది. ఫోన్ స్పీకర్లో పెట్టి, నువ్వే చెప్పు అన్నట్టు సైగ చేశాను. అది కాసేపు ఆలోచించి, "అంకుల్, రెండిట్లో లేనివి కూడా ఉంటాయి కదా, అవి చెప్పండి" అంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. సీఈసీ, ఎంఈసీ కూడా ఉన్నాయి కాని మా క్యాంపస్‌లో లేవమ్మా అన్నాడు. "మరైతే నేను ఇంకా అనుకోలేదు" అంది.

"ఎప్పుడు చెయ్యమంటారు మేడమ్?" అన్నాడు నాతో.

చెప్పలేనన్నాను. వచ్చే గురువారం చేస్తానన్నాడు. సాయంత్రం అమ్మకి ఇదంతా చెబితే అంతా విని, "ఇంతకీ నువ్వులు ధర ఎంతుందే అక్కడ?" అని అడిగింది.